స్కిజోఫ్రీనియా : జన్యువుల కొరకు నూరేండ్ల అన్వేషణ

శరీరానికి వచ్చే వ్యాధులను గురించి మన సమాజం దాపరికం లేకుండా మాట్లాడుతుంది. తండ్రికి మధుమేహం ఉన్నదనీ, తాతగారు గుండెజబ్బుతో పోయారనీ పదిమందిలో చెప్పుకొనుటకు ఎవరూ సంకోచించరు. మనస్సుకు వచ్చే వ్యాధి విషయంలో మాత్రం ఇంటి తలుపులు మూసుకొంటాయి. పెళ్లి సంబంధం మాట్లాడుకొనే వేళ "వాళ్ల ఖాన్‌దాన్‌లో పిచ్చి ఉన్నదట" అన్న ఒక్క మాట చెవిని పడితే చాలు, కుదిరిన సంబంధం తప్పిపోతుంది. అమ్మాయికి ఏ లోపమూ ఉండదు. ఆమె చిన్నాన్నకో, మేనత్తకో ఎప్పుడో వచ్చిన వ్యాధికి ఆమె శిక్ష అనుభవిస్తుంది. ఈ భయానికి లోకం పెట్టుకొన్న పేరు 'రక్తదోషం'.

ఈ భయంలో సత్యమెంత? అపోహ ఎంత? మానసిక వ్యాధులలో మిక్కిలి తీవ్రమైనదిగా ఎంచబడే స్కిజోఫ్రీనియా వంశపారంపర్యంగా వచ్చునా? వచ్చినచో దానిని మోసుకొని వచ్చే జన్యువు ఏది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకుతూ శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా శ్రమించారు. ఆ అన్వేషణ సాగిన తీరును, అది చేరుకొన్న నిర్ణయాన్ని మా విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసం ఉద్దేశం. మేము వైద్యులం కాము. భాషా సాహిత్యాలు బోధించేవారం. అయినను ఈ విషయం వైద్య కళాశాలల గోడల మధ్యనే నిలిచిపోదగినది కాదనీ, ప్రతి ఇంటికీ చేరవలసినదనీ మా నమ్మకం.

వ్యాధి స్వరూపం

యౌవనంలో ఆరంభమై మనిషి ఆలోచనాశక్తిని క్రమంగా దెబ్బతీసే ఒక వ్యాధిని 1890వ దశకంలో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ వేరుగా గుర్తించి వర్ణించాడు. వయస్సు రాకమునుపే వచ్చే మతిక్షయం అనే అర్థమిచ్చే పేరు దానికి పెట్టాడు. 1908లో స్విట్జర్లాండుకు చెందిన యూజెన్ బ్లాయిలర్ ఆ పేరును మార్చి 'స్కిజోఫ్రీనియా' అన్నాడు. చీలుట, మనస్సు అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాల కలయిక అది. ఈ పేరును చూచి ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండే వ్యాధి ఇదే అని పలువురు పొరబడుతుంటారు. చలనచిత్రాలు ఆ పొరబాటును పెంచాయి. బ్లాయిలర్ చెప్పినది అది కాదు. ఆలోచన, అనుభూతి, ప్రవర్తన అనే మూడింటి నడుమ ఉండవలసిన పొందిక చెడిపోవుటను ఆయన చీలిక అన్నాడు.

ఈ వ్యాధి కలవారికి ఎవరూ లేనిచోట కంఠస్వరాలు వినబడతాయి. తనపై ఎవరో కుట్ర పన్నుతున్నారనీ, తన ఆలోచనలు ఇతరులకు తెలిసిపోతున్నాయనీ బలమైన నమ్మకం ఏర్పడుతుంది. మాటకు మాటకు పొంతన తప్పుతుంది. మరికొందరిలో ఉత్సాహం నశించి, స్నానం, భోజనం, స్నేహితులు అన్నీ భారమవుతాయి. సాధారణంగా ఇది పదహారు, పదిహేడేండ్ల నుండి ముప్పై ఏండ్ల లోపు బయటపడుతుంది. అనగా కళాశాలలో చదువుకొనే వయస్సే దీని ఆరంభ కాలం. ప్రపంచంలో రెండు కోట్లకు పైగా ప్రజలు దీనితో జీవిస్తున్నారు. జీవితకాలంలో దీని బారిన పడేవారు నూటికి దాదాపు ఒకరు.

కుటుంబాల లెక్కలు

ఒకే కుటుంబంలో ఒకరికి మించి ఈ వ్యాధి కనబడుట వైద్యులు మొదటినుండీ గమనించినదే. మెండెల్ బఠాణీ మొక్కలపై చేసిన పరిశోధనలు 1900లో తిరిగి వెలుగులోకి వచ్చిన తరువాత, మనుషుల వ్యాధులలో కూడ ఆ నిష్పత్తులు కనబడునా అని వెదకుట మొదలైనది. మ్యూనిక్ నగరంలో ఎర్న్‌స్ట్ రూడిన్ అనే వైద్యుడు రోగుల తోబుట్టువుల వివరాలు సేకరించి 1916లో ప్రకటించాడు. తోబుట్టువులలో వ్యాధి హెచ్చుగా ఉన్నమాట నిజమే. కాని మెండెల్ సూత్రం ప్రకారం ఉండవలసిన నాల్గింట ఒక వంతు గాని, సగం గాని కానరాలేదు. దొరికినవి అంతకంటె చాల చిన్న సంఖ్యలు. ఒక్క జన్యువు వలన వచ్చే వ్యాధి ఇది కాదని ఆ సంఖ్యలు ఆనాడే సూచించాయి.

సంఖ్యలు చెప్పిన మాటను అధికారం వినలేదు. 1933 జూలైలో నాజీ ప్రభుత్వం వంశపారంపర్య వ్యాధులు గలవారికి సంతానం కలుగకుండ నిర్బంధంగా శస్త్రచికిత్స చేయించే చట్టం చేసింది. స్కిజోఫ్రీనియా ఆ జాబితాలో ఉన్నది. ఆ చట్టంపై అధికారిక వ్యాఖ్యానం వ్రాసినవారిలో రూడిన్ ఒకడు. ఆ చట్టం క్రింద సుమారు 4 లక్షల మందికి శస్త్రచికిత్సలు జరిగాయి. 1940, 1941 సంవత్సరాలలో మానసిక చికిత్సాలయాల నుండి 70 వేల మందికి పైగా రోగులను తరలించి విషవాయువుతో చంపారు. సంతానం లేకుండ చేసి, ప్రాణాలు తీసి, వ్యాధిని దేశం నుండి తుడిచివేయవచ్చునని వారనుకొన్నారు. యుద్ధానంతరం అదే జర్మనీలో కొత్తగా వ్యాధికి లోనయ్యేవారు కనబడుతూనే ఉన్నారు. అట్లు ఎందుకు జరిగినదో తరువాతి పరిశోధనలు వివరిస్తాయి.

ఇర్వింగ్ గాటెస్‌మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఐరోపాలో దశాబ్దాలపాటు జరిగిన కుటుంబ పరిశోధనలను క్రోడీకరించి 1991లో ఇచ్చిన లెక్కలు నేటికీ ప్రసిద్ధమైనవి. జనసామాన్యంలో నూటికి ఒకరికి వచ్చే ఈ వ్యాధి, రోగి అన్నదమ్ముల పిల్లలకు, అక్కచెల్లెండ్ర పిల్లలకు నూటికి సుమారు నలుగురికి వస్తుంది. రోగి తోబుట్టువులలో తొమ్మిది మందికి, తలిదండ్రులలో ఒకరికి వ్యాధి ఉన్న సంతానంలో 13 మందికి, ఇద్దరికీ ఉన్న సంతానంలో 46 మందికి వస్తుంది. ఈ లెక్కను రెండు వైపుల నుండి చదువవలసి ఉన్నది. చిన్నాన్నకు వ్యాధి ఉన్న అమ్మాయికి ప్రమాదం ఇతరుల కంటె నాలుగు రెట్లు అన్నది ఒక పఠనం. అటువంటి అమ్మాయిలు నూరుగురిలో 96 మందికి ఆ వ్యాధి రాదన్నది మరొక పఠనం. రెండూ సత్యమే. పెళ్లిచూపుల నాడు మనం మొదటిదానిని మాత్రమే వింటాము. రోగులలో అత్యధికుల తలిదండ్రులకు ఈ వ్యాధి లేదన్న సత్యం అసలు ఎవరి చెవినీ పడదు.

ఆవు, దూడ, చేను

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మన సామెత. ఆవు వలెనే దూడ కూడ చేలో దిగుట నిజమే. అయితే అది ఆవు రక్తం పంచుకొన్నందున దిగినదా, ఆవు వెంట నడచినందున దిగినదా? కుటుంబాల లెక్కలు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేవు. ఒకే ఇంటిలోని వారు జన్యువులతోపాటు అన్నం, గాలి, కష్టం, కలహం కూడ పంచుకొంటారు. ఒకప్పుడు కొందరు వైద్యులు తల్లి పెంపకమే ఈ వ్యాధికి కారణమని నిందించి, ఎందరో తల్లులకు తీరని వేదన మిగిల్చారు.

రక్తాన్నీ, పెంపకాన్నీ విడదీసి చూచుటకు రెండు మార్గాలు కనిపించాయి. మొదటిది కవలలను పరిశీలించుట. ఒకే అండం నుండి పుట్టిన సమరూప కవలలు జన్యువులన్నింటినీ పంచుకొంటారు. రెండు అండాల నుండి పుట్టిన కవలలు సగటున సగం మాత్రమే పంచుకొంటారు. ఇరువురూ ఒకే ఇంట పెరిగినవారే. గాటెస్‌మన్ క్రోడీకరించిన లెక్కల ప్రకారం సమరూప కవలలలో ఒకరికి వ్యాధి వచ్చినపుడు రెండవవారికి వచ్చుట నూటికి 48, రెండు అండాల కవలలలో 17. డెన్మార్కులో 2018లో ప్రకటితమైన పరిశోధనలో ఈ సంఖ్యలు 33, 7. కొలత మారినా తీర్పు మారలేదు. జన్యువుల పాత్ర గణనీయమైనది. అదే సమయంలో, జన్యువులన్నీ ఒకటే అయినను సగానికి పైగా కవలలలో రెండవవారు ఆరోగ్యంగా ఉన్నారు.

రెండవ మార్గం, తల్లి నుండి వేరై పెరిగిన పిల్లలను పరిశీలించుట. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో లియొనార్డ్ హెస్టన్ 1966లో ప్రకటించిన పరిశోధన ఇందుకు ఉదాహరణ. స్కిజోఫ్రీనియాతో ఆసుపత్రిలో ఉన్న తల్లులకు పుట్టి, మూడు రోజుల లోపే వేరుచేయబడి, ఇతరుల వద్ద పెరిగిన 47 మందిని ఆయన పెద్దవారైన పిదప పరిశీలించాడు. వారిలో ఐదుగురికి వ్యాధి వచ్చినది. అదే విధంగా వేరై పెరిగి, తల్లులకు వ్యాధి లేని 50 మందిలో ఒక్కరికీ రాలేదు. అనగా ఆ దూడలు తల్లి వెంట ఒక్క అడుగైనా నడవలేదు. తల్లి పెంపకమే కారణమన్న నిందకు ఇది గట్టి సమాధానం. డెన్మార్కు దత్తత రికార్డుల ఆధారంగా సీమర్ కెటీ, ఆయన సహచరులు 1968 నుండి ప్రకటించిన ఫలితాలు దీనినే బలపరచినవి.

ఇటువంటి పరిశోధనల నుండి 'అనువంశికత సుమారు 80 శాతం' అనే మాట పుట్టినది. దీనిని విని, రోగి పిల్లలలో నూటికి 80 మందికి వ్యాధి వస్తుందని అర్థం చేసుకొనరాదు. ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ నడుమ ఈ వ్యాధి ప్రమాదంలో ఉండే తేడాలలో ఎంతభాగం జన్యువుల తేడాల వలన కలుగుతున్నదో తెలిపే కొలత అది. ఒక వ్యక్తి భవిష్యత్తును గురించి అది ఏమీ చెప్పదు.

ఒక్క జన్యువు కొరకు వేట

జన్యువు పాత్ర ఉన్నదని తేలినది. అది ఎక్కడ ఉన్నది? మన శరీరంలోని దాదాపు ప్రతి కణం కేంద్రకంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో డిఎన్ఏ అనే పదార్థంపై నాలుగు అక్షరాల లిపిలో సుమారు 300 కోట్ల అక్షరాల గ్రంథం వ్రాయబడి ఉన్నదని ఊహించుకొనవచ్చును. ప్రోటీనుల తయారీకి సూచనలిచ్చే వాక్యాలు ఆ గ్రంథంలో సుమారు 20 వేలు ఉన్నాయి. అవే జన్యువులు. ఆ గ్రంథంలో తప్పిన అక్షరం ఏదో పట్టుకొనుట శాస్త్రజ్ఞుల లక్ష్యమైనది.

1980వ దశకంలో ఈ వేట ఉధృతమైనది. పెక్కుమంది రోగులున్న పెద్ద కుటుంబాలను ఎన్నుకొని, వ్యాధితోపాటు తరతరాలుగా నడచి వచ్చే క్రోమోజోము భాగం ఏదో వెదకేవారు. 1988లో 'నేచర్' పత్రికలో ఐస్‌లాండ్, బ్రిటన్ కుటుంబాలను పరిశీలించిన ఒక బృందం 5వ క్రోమోజోములో ఆ స్థానం దొరికినదని ప్రకటించినది. అదే సంచికలో మరొక బృందం ఉత్తర స్వీడన్‌లోని ఒక పెద్ద కుటుంబంలో అక్కడ ఏమీ లేదని తెలిపినది. తరువాత ఎందరు వెదకినా మొదటి ఫలితం నిలువలేదు. స్కాట్లాండులో ఒక కుటుంబంలో 1, 11 క్రోమోజోముల ముక్కలు తారుమారైనట్లు 1990లో తెలిసినది. ఆ ముక్క విరిగినచోట ఉన్న జన్యువుకు 2000లో పేరు పెట్టి ఎన్నో ఆశలు పెంచుకొన్నారు. మెదడులో పనిచేసే జన్యువులను ముందుగా ఊహించి ఎన్నుకొని, వందలమంది రోగులలో పరీక్షించే పద్ధతి కూడ సాగినది. ఒక దేశంలో దొరికిన ఫలితం మరొక దేశంలో దొరకలేదు. ఆ విధంగా ఎన్నుకొన్న ప్రసిద్ధ జన్యువులలో అత్యధికం తరువాతి పెద్ద పరిశోధనలకు నిలువలేదు.

దీనికి కారణం తెలిసికొనుట విద్యార్థులకు ఉపయోగకరం. వేయిమంది చేతికి ఒక్కొక్క నాణెం ఇచ్చి పదేసిసార్లు ఎగురవేయమంటే, ఎవరో ఒకరికి పదిసార్లూ బొమ్మే పడవచ్చును. ఆ ఒక్కరిని మాత్రమే చూపి 'ఇది మాయ నాణెం' అనుట ఎంత తప్పో, వేల స్థానాలను కొద్దిమందిలో వెదకి కాకతాళీయంగా కనబడిన ఒక్క తేడాను 'వ్యాధి జన్యువు' అనుట అంత తప్పు. ఊహ ఎంత సుందరమైనదైనా సంఖ్యాబలం లేనిదే సత్యం కాజాలదన్న పాఠాన్ని శాస్త్రజ్ఞులు ఇరవై ఏండ్ల నిరాశతో నేర్చుకొన్నారు.

చెరువులోకి చేరే వాగులు

2003లో మానవ జన్యుగ్రంథాన్ని చదువుట ముగిసినట్లు ప్రకటించారు. ఆ తరువాత కొత్త పద్ధతి వచ్చినది. ఏ జన్యువునూ ముందుగా అనుమానించకుండ, గ్రంథమంతటా మనిషికీ మనిషికీ తేడా ఉండే లక్షల స్థానాలను రోగులలోనూ, ఆరోగ్యవంతులలోనూ పోల్చి చూచుట ఆ పద్ధతి. ఒక తేడా కేవలం యాదృచ్ఛికంగా కనబడుటకు గల అవకాశం రెండు కోట్లలో ఒకటి కంటె తక్కువైతేనే దానిని అంగీకరించాలని కఠిన నియమం పెట్టుకొన్నారు. అంత కఠిన పరీక్షకు వందలమంది చాలరు, వేలమంది కావాలి. అందుచేత పలు దేశాల పరిశోధకులు పోటీ మాని, తమ తమ సమాచారాన్ని ఒకచోట చేర్చారు.

2009లో 3,322 మంది రోగులతో జరిగిన పరిశోధన, వేలకొలది చిన్న చిన్న తేడాలు కలిసి ఈ వ్యాధి ప్రమాదాన్ని పెంచుతున్నవని చూపినది. 2014లో 36,989 మంది రోగులనూ, 1,13,075 మంది ఇతరులనూ పోల్చి 108 స్థానాలను గుర్తించారు. 2022లో రోగుల సంఖ్య 76,755కు చేరినది. గుర్తించిన స్థానాలు 287కు పెరిగినవి. ఒకే దోషి కొరకు బయలుదేరినవారికి ఒక ఊరు ఊరంతా ఎదురైనదన్నమాట.

ఈ ఊరిలో ఒక్కొక్కరి తప్పు ఎంత? మిక్కిలి స్వల్పం. ఒక సాధారణ తేడా ఉన్నవారు వేయిమందిలో వ్యాధిగ్రస్తులు పదిమందికి బదులు పదకొండుగురు కావచ్చును, అంతే. అటువంటి తేడాలు వ్యాధి ఉన్నవారిలోనే కాదు, ఈ వ్యాసం వ్రాసే మాలోనూ, చదివే మీలోనూ వందలకొలదిగా ఉన్నాయి.

దీనిని మన పల్లెల చెరువుతో పోల్చి చెప్పవచ్చును. చెరువులోకి ఒకే ఏరు రాదు. ఎన్నో పిల్లకాలువలు, వాగులు, వంకలు వచ్చి చేరుతాయి. ఏ ఒక్క కాలువా చెరువును నింపలేదు. అన్ని వైపుల నుండి నీరు హెచ్చుగా వచ్చి, పైన వాన కూడ కురిసినపుడు నీరు అలుగు మట్టం దాటి పొర్లుతుంది. స్కిజోఫ్రీనియా అటువంటి పొర్లు. జన్యువుల తేడాలు పిల్లకాలువలు. జీవిత పరిస్థితులు వాన. గాటెస్‌మన్, ఆయన సహచరుడు జేమ్స్ షీల్డ్స్ ఈ భావననే 1967లో గణితరూపంలో ప్రతిపాదించారు. నలభై ఏండ్ల పిదప వచ్చిన సాక్ష్యం వారి పక్షాన నిలిచినది.

జర్మనీ ఘోరం ఫలించకపోవుటకు కారణం కూడ ఇక్కడ దొరుకుతుంది. పొర్లిన చెరువులను పూడ్చివేసినంత మాత్రాన కాలువలు ఎండిపోవు. అవి దేశమంతటా, ప్రతి ఇంటిలోనూ పారుతున్నాయి. రోగులను హతమార్చి ఒక 'జన్యువు'ను తుదముట్టించగలమనుకొన్నవారు నేరం చేసినది మాత్రమే గాక, విజ్ఞానశాస్త్రం పేరిట అజ్ఞానాన్ని ఆచరించారు.

అరుదుగా కొందరిలో మాత్రం పెద్ద కాలువ ఒకటి తెగి పడుట కూడ ఉన్నది. 22వ క్రోమోజోములో ఒక చిన్న ఖండం లోపించి పుట్టినవారిలో దాదాపు నాల్గవ వంతు మందికి స్కిజోఫ్రీనియా గాని, తత్సమానమైన వ్యాధి గాని వస్తుంది. 2022లో 24,248 మంది రోగులపై జరిగిన మరొక పరిశోధన, చెడిపోయినచో ప్రమాదాన్ని ఎన్నో రెట్లు పెంచే పది జన్యువులను గుర్తించినది. అయితే అటువంటి లోపాలు గలవారు రోగులలో చాల కొద్దిమంది.

కనుగొన్నవాటి ప్రయోజనం

ఇన్ని వందల స్థానాలు దొరికినందున లాభమేమని అడుగవచ్చును. మొదటి లాభం, వ్యాధి ఎక్కడ పుట్టుచున్నదో తెలియుట. గుర్తించిన జన్యువులు అధికంగా మెదడులోని నాడీకణాలలో, ముఖ్యంగా నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే సంధులలో పనిచేసేవి. దయ్యం సోకుట, చెడుగాలి, తల్లి తప్పు, సంకల్పబలం లేమి అనే వివరణలకు ఇక తావులేదు. 1952లో పారిస్‌లో మొదటి ఔషధం పనిచేయుట కనుగొన్నారు. అప్పటి నుండి వాడుకలోకి వచ్చిన మందులలో అత్యధికం మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని స్వీకరించే ద్వారంపై పనిచేస్తాయి. 2014లో దొరికిన 108 స్థానాలలో ఆ ద్వారాన్ని నిర్మించే జన్యువు కూడ ఉన్నది. అనుభవంతో దొరికిన మందుకూ, జన్యువుల అన్వేషణకూ అక్కడ చేయి కలిసినది.

2016లో అమెరికాలో స్టీవెన్ మెక్‌కారల్, ఆయన సహచరులు 6వ క్రోమోజోములోని ఒక స్థానాన్ని లోతుగా పరిశీలించారు. అక్కడి 'సి4' అనే జన్యువు సాధారణంగా సూక్ష్మక్రిములపై పోరాటంలో పాల్గొనేది. అదే జన్యువు ఎదిగే మెదడులో అనవసరమైన నాడీసంధులను తొలగించే పనిలో కూడ పాల్గొంటుంది. తోటమాలి చెట్టుకు కొమ్మలు కత్తిరించినట్లు, కౌమారంలో మెదడు తన సంధులను కత్తిరించుకొంటుంది. ఈ జన్యువు అధికంగా పనిచేసే రూపాలు గలవారిలో వ్యాధి ప్రమాదం కొంత ఎక్కువ. కత్తిరింపు మితిమీరుటయే ఒక కారణం కావచ్చునని వారి అభిప్రాయం. ఈ వ్యాధి యౌవనారంభంలోనే ఎందుకు బయటపడుతుందో అనే చిరకాల ప్రశ్నకు ఇది ఒక వెలుగు చూపుతున్నది.

రక్తపరీక్ష చేసి 'నీకు ఈ వ్యాధి వస్తుంది' అని ముందే చెప్పవచ్చునా? చెప్పలేరు. తేడాలన్నింటినీ కూడి వేసే లెక్క కూడ మనుషుల నడుమ గల ప్రమాద భేదంలో సుమారు 7 శాతాన్ని మాత్రమే వివరిస్తున్నది. విదేశాలలో కొన్ని సంస్థలు పిండదశలోనే ఇటువంటి లెక్కలు కట్టి, ఏ పిండాన్ని ఉంచుకొనవలెనో ఎన్నుకొనే సేవను అమ్ముతున్నాయి. 1933 నాటి బలవంతం ఇందులో లేదు. కాని మనుషులను పుట్టకముందే తూకం వేసే ఆశ ఇందులోనూ ఉన్నది. అటువంటి తూనికరాళ్లను నమ్ముటకు ముందు ఆ 7 అనే సంఖ్యను గుర్తుంచుకొనవలెను.

పై లెక్కలలో మరొక లోపం కలదు. పరీక్షించబడినవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. తరువాతి స్థానం తూర్పు ఆసియావారిది. ఒక జనసమూహంలో కట్టిన లెక్క మరొక సమూహంలో సరిగా పనిచేయదు. ఈ కొరత తీర్చే దిశగా చెన్నైలోని స్కిజోఫ్రీనియా రిసెర్చ్ ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలసి దక్షిణ భారతీయులలో సుమారు 3 వేల మందిని పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించినది. 8వ క్రోమోజోములో, నియాసిన్ అనే బి3 విటమిన్‌ను శరీరం వినియోగించుకొనే తీరుకు సంబంధించిన ఒక జన్యువు వారి దృష్టికి వచ్చినది. ఇటువంటి ఫలితం ఇంకా పెద్ద సంఖ్యలలో ధ్రువపడవలసి ఉంటుంది. అయినను మన నేలపై, మన మనుషులలో జరిగిన పరిశోధన కనుక దానికి ప్రత్యేక విలువ కలదు. మా విద్యార్థులలో జీవశాస్త్రం, గణాంకశాస్త్రం చదివేవారికి ఇక్కడ కావలసినంత పని ఉన్నది.

వాన సంగతి

కాలువలను మనం ఎన్నుకొనలేము. వానను కొంతవరకు ఎదుర్కొనగలము. 1944-45 శీతకాలంలో హాలెండులో ఘోరమైన కరువు వచ్చినది. ఆ కరువు రోజులలో గర్భస్థులైన పిల్లలు పెద్దవారైన పిదప వారిలో స్కిజోఫ్రీనియా దాదాపు రెండింతలు కనబడినది. 1959-61 నాటి చైనా కరువు తరువాత కూడ ఇదే గమనించారు. గర్భిణికి పెట్టే పిడికెడు అన్నం పుట్టబోయే బిడ్డ మనస్సుకు కూడ రక్షణ అన్నమాట. కాన్పులో కలిగే కష్టాలు కూడ ప్రమాదాన్ని కొంత పెంచుతాయి.

యువకులు ప్రత్యేకంగా గమనించవలసినది గంజాయి విషయం. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45 వేలకు పైగా యువకులను పదిహేనేండ్లు గమనించి 1987లో ప్రకటించిన పరిశోధనలో, గంజాయి అధికంగా త్రాగినవారికి ఈ వ్యాధి ఆరు రెట్లు ఎక్కువగా వచ్చినట్లు తేలినది. తన చెరువులో నీరు ఏ మట్టాన ఉన్నదో ఎవరికీ తెలియదు. అటువంటప్పుడు సరదాకు ఒక కాలువ తవ్వి తెచ్చుకొనుట వివేకం కాదు.

మన కర్తవ్యం

నూరేండ్ల అన్వేషణ తేల్చిన తీర్పును ఒక్క మాటలో చెప్పవలసివస్తే, స్కిజోఫ్రీనియాకు జన్యువులు ఉన్నాయి, కాని 'స్కిజోఫ్రీనియా జన్యువు' లేదు. కళంకిత వంశమని వేరే ఒకటి లేదు; అందరి వంశాలలోనూ ఆ కాలువలు పారుతున్నాయి. కనుక ఒక ఇంటిలో ఒకరికి వ్యాధి వచ్చినదని ఆ ఇంటి ఆడపిల్లను నిరాకరించేవారు, అవే తేడాలను తమ రక్తంలో మోస్తూ నిరాకరిస్తున్నారు. మధుమేహం ఉన్న ఇంటితో వియ్యమందుటకు వెనుకాడనివారు ఈ ఇంటి ముందు వెనుకాడుటకు శాస్త్రంలో ఆధారం లేదు.

రెండవది చికిత్స. దాచిపెట్టిన కొలది చికిత్స ఆలస్యమవుతుంది. ఆలస్యమైన కొలది కోలుకొనుట కష్టమవుతుంది. మన ఇండ్లలో మొదట 'సాయా' పడినదంటారు, 'అసర్' అంటారు, తాయెత్తు కట్టిస్తారు, దర్గాలకు తీసుకొనిపోతారు. దువా చేయుటను మేము కాదనము. దువాతోపాటు దవా కూడ కావలెనని మాత్రమే మా మనవి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను ఆశ్రయించి వచ్చిన మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకొని, పారిపోలేక 28 మంది దహనమైపోయారు. ఆ గొలుసులు వేసినది క్రూరత్వం ఒక్కటే కాదు. ఇది మెదడుకు వచ్చిన వ్యాధి, దీనికి మందు ఉన్నది అన్న ఎరుక లేమి కూడ. 2017 నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించినది. మానసిక వ్యాధికి చికిత్స పేరిట సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయుటను కూడ అదే చట్టం నిషేధించినది. 1933లో ఒక దేశం చట్టం చేసి చేయించిన పనిని మన చట్టం నేరంగా ఎంచినది.

మూడవది మన భాష. తరగతిగదిలో ఎవడైనా పరధ్యానంగా ఉంటే 'వీడిని ఎర్రగడ్డకు పంపాలిరా' అని నవ్వుకొనుట మన విద్యార్థులకు అలవాటు. ఆ పేరు ఒక ఆసుపత్రిది. అక్కడ మనుషులు కోలుకొంటారు. ఆ మాటను ఎగతాళిగా వాడినంతకాలం, నిజంగా సహాయం కావలసిన విద్యార్థి ఆ పేరు పలుకుటకే సిగ్గుపడతాడు. బాగా చదివే విద్యార్థి కారణం లేకుండ తరగతులకు మానివేసినా, స్నేహితులను వదలి ఒంటరియైనా, తనను ఎవరో వెంబడిస్తున్నారని చెప్పినా, అది పొగరు కాదు, సోమరితనం కాదు. అతనిని వెంటనే తలిదండ్రుల వద్దకు, వైద్యుని వద్దకు చేర్చవలెను. 2022లో భారత ప్రభుత్వం ఆరంభించిన టెలి మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితంగా పొందవచ్చును. కళాశాల కమిటీవారు ఈ సంఖ్యను ప్రకటన ఫలకంపై స్థిరంగా వ్రాయించవలెననీ, ఏడాదికి ఒకసారియైనా మానసిక వైద్యునిచే ఉపన్యాసం ఏర్పాటు చేయవలెననీ, చికిత్స కొరకు సెలవు పెట్టిన విద్యార్థి తిరిగి వచ్చినపుడు అతని స్థానం అతనికి ఉంచవలెననీ వినయపూర్వకంగా విన్నవిస్తున్నాము.

జన్యువులు మనకు సంక్రమించినవి. వాటికి మనం బాధ్యులం కాము. కాని పొరుగువాని వ్యాధిని చూచి మనం పలికే మాటకు మనమే బాధ్యులం. ఆ మాటను సవరించుకొనుటకు మరొక నూరేండ్ల పరిశోధన అవసరం లేదు.